కొర్లమ్మ పొగాకు డబ్బా

నేను ఒక పొగాకు డబ్బాను. చుట్ట పట్టేంత పొడవుతో, మూత ఉన్న ఇత్తడి డబ్బాను. నాలో పొగాకు లేక ఏళ్లయింది. అయినా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్న వాళ్లెవరూ తుమ్మకుండా లేవలేదు. నాలోని ఆకు ఒకటే గానీ, నేను తిరిగిన ఇళ్లలో దానికి పేర్లు మాత్రం మారుతూ వచ్చాయి. ఆ ముచ్చటే మీకు చెబుదామని.

బుడితి కంచరి వీధిలో పుట్టాను. నన్ను పోసినాయన మూత బిగువుగా కూర్చునేదాకా అరగదీసి, తృప్తిగా ఒకసారి చూసుకుని, సంతకు పంపేశాడు. అక్కణ్ణుంచి శ్రీకాకుళంలో ప్లీడరు సన్యాసినాయుడుగారి బల్లమీదికి చేరాను. చుట్ట ముట్టించందే ఆయనకు వాదన సాగేది కాదు. ఆయన దగ్గు వీధి చివరిదాకా వినిపించేది. నాయుడుగారు వస్తున్నారని ముందే కబురొచ్చిందిరా అని జనం మెచ్చుకోలుగా అనుకునేవాళ్లు. ఆయన్ను పరీక్షించడానికి వచ్చే డాక్టరుగారు కూడా మెడలో గొట్టం ఉండగానే నాలోంచి ఒక చుట్ట తీసుకునేవారు. ఆ ఇంట్లో దాని పేరు దర్జా. చివరికి ఊపిరి అందక గిలగిల్లాడి పోయారు నాయుడుగారు. పేపర్లో మాత్రం స్వల్ప అస్వస్థత అని వేశారు. పెద్దవాళ్ల జబ్బులకు కూడా మర్యాద ఎక్కువ.

ఆ తర్వాత ఆయన కోడలు పాత సామాను బయటపడేస్తూ, చేపలమ్మకానికి వచ్చిన కొర్లమ్మకు నన్ను ఇచ్చి, బదులుగా ఎండు నెత్తళ్లు పుచ్చుకుంది. కొర్లమ్మ నన్ను చీర చెంగుతో తుడిచి, బొడ్లో దోపుకుని, గంప నెత్తికెత్తుకుంది. ఆ నడుమే నా ఇల్లయింది.

ఎంత బాగుండేవి ఆ రోజులు! తెల్లారేసరికి ఒడ్డున ఆడవాళ్లంతా పడవల కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాళ్లు. ఒక్కొక్కరి నోట్లో ఒక్కొక్క చుట్ట, అదీ నిప్పు లోపలికి పెట్టి. దాన్నే అడ్డపొగ అంటారు. తెలియనివాళ్లు చూసి హడలిపోతారు గానీ, వాళ్లకు అది పనితనం. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, బూడిద చేపల మీద రాలదు, రెండు చేతులూ వల లాగడానికి ఖాళీగా ఉంటాయి. కొర్లమ్మ నిప్పు నోట్లో ఉంచుకునే బేరమాడేది, నవ్వేది, పక్కావిడతో పోట్లాడేది. అమ్మలు అలాగే కాల్చారు, అమ్మమ్మలూ అలాగే కాల్చారు. అక్కడ దానికి దర్జా అన్న పేరు లేదు, జబ్బు అన్న పేరూ లేదు. అసలు పేరే లేదు. గాలికీ ఉప్పుకీ పేరు పెట్టి ఎవరు పిలుస్తారు?

దానికి జబ్బని పేరు పెట్టింది కొర్లమ్మ కోడలు నూకరత్నం. ఆ పిల్ల పది చదివింది, ఊరికి ఆశా కార్యకర్త. ఇంటింటికీ తిరిగి పొగాకు మానండమ్మా అని చెప్పి వచ్చేసరికి, సొంత గుమ్మంలో అత్త ముక్కులోంచి పొగ వదులుతూ కూర్చునుండేది. పాపం, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, ఇంట్లో ఉన్నది కొర్లమ్మ అయితే గెలవడం ఎవరి తరం?

ఒకరోజు ఊళ్లో వైద్య శిబిరం పెట్టారు. నూకరత్నం అత్తను రెక్క పట్టుకుని తీసుకెళ్లింది. డాక్టరమ్మ లైటు వేసి నోరు చూసి, అంగిలి తెల్లగా మందం కట్టిందని, మానకపోతే అది పుండై కేన్సరులోకి దిగొచ్చని చెప్పింది. మానలేకపోవడం కూడా ఒక జబ్బేనని, దానికీ మందులున్నాయని చెప్పింది. ఆ మాట పట్టుకుని ఇంట్లో పెద్ద రగడ మొదలైంది.

కొర్లమ్మ కొడుకు ఎర్రయ్య, అమ్మకు జబ్బూ లేదు గిబ్బూ లేదు, ఉన్నది మొండితనం అని తేల్చేశాడు. ఇంతా చేసి ఆయనగారు రోజూ సాయంత్రం కల్లు తాగే మనిషి. తనది మాత్రం ఒళ్లునొప్పులకు మందట. నూకరత్నం జబ్బే జబ్బే అంటూనే అత్తను పొద్దస్తమానం సాధించేది. సిగ్గులేదా, బుద్ధిలేదా, మనవలు చూస్తున్నారు అని దెప్పేది. అప్పుడు కొర్లమ్మ చుట్ట నోట్లోంచి తీసి అన్న మాట నేనెప్పటికీ మరవను.

"జబ్బయితే తిట్లెందుకే కోడలా? కామెర్లొచ్చినోడ్ని తిడతావేటి? మందిస్తావు. తిడతన్నావంటే, ఇది నా ఇష్టమని నీకూ తెలుసన్నమాట."

నూకరత్నం చీపురు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. నాకైతే నవ్వొచ్చింది. ప్లీడరు బల్లమీద అన్నేళ్లున్నాను గానీ ఇంత గట్టి వాదన వినలేదు.

కానీ గెలిచినవాళ్లకు ఊరుకోవడం చేతకాదు. ఇష్టమని నిరూపిస్తానంది కొర్లమ్మ. పట్టుకోవడం నా ఇష్టమైతే ఒగ్గీడమూ నా ఇష్టమేనంటూ, ఇక చుట్ట ముట్టనని ఒడ్డున అందరి ముందూ గంగమ్మ మీద ఒట్టేసింది. అక్కడి వాళ్లకు గంగమ్మ మీద ఒట్టంటే మాటలు కాదు. ఒట్టు తప్పినవాళ్లింటి పడవకు చేప పడదని, వేటకెళ్లిన మనిషి తిరిగి రాడని నమ్మకం. నన్ను తీసుకెళ్లి బియ్యం కుండ వెనక పడేసింది. ఆ చీకట్లో నేను బెంగ పెట్టుకున్నాను, దాపరికమెందుకు.

ఒట్టేసిన రెండు రోజులకే ఒక మధ్యాహ్నం చెయ్యి వచ్చి నన్ను తడిమింది. కొర్లమ్మ నన్ను కొంగులో దాచుకుని బోర్లించిన పడవ నీడలోకి వెళ్లింది. పొట్టి చుట్ట ముక్క ముట్టించి నిప్పు లోపలికి పెట్టి, పెదాలు మూసేసింది. అడ్డపొగలో ఉన్న సుఖం అదే, బయటికేమీ కనబడదు. కానీ అంతలోనే నూకరత్నం అన్నానికి పిలవడానికి వచ్చింది. కొర్లమ్మ పలకలేదు. పలికితే నిప్పు కనబడుతుంది. కోడలు మళ్లీ పిలిచింది. ముసలామె ఊపిరి బిగబట్టి ఎంతసేపని కూర్చుంటుంది? ముక్కులోంచి సన్నగా పొగ వచ్చేసింది.

నూకరత్నం తిట్టడానికి నోరు తెరిచింది. కానీ అత్త కళ్లు చూసి ఆగిపోయింది. ఆ కళ్లలో నీళ్లు పొగకు వచ్చినవి కావు. అన్నేళ్లు ఆ నడుమున ఉన్నదాన్ని, నాకు తెలుసు.

కొర్లమ్మ చుట్ట తీసి ఇసకలో గుచ్చింది. "నా ఇష్టమనుకున్నానే ఇన్నాళ్లూ," అంది. "కాదు. దానిష్టం. ఎర్రయ్య వేటకెళ్లినాడే, నా బిడ్డ నీటి మీదుండగా ఒట్టు తప్పినాను. నాకేటైందే?"

నూకరత్నం పక్కన కూలబడి అత్త చెయ్యి పట్టుకుంది. పడవలు ఒడ్డుకు చేరేదాకా వదల్లేదు. ఆ సాయంత్రం ఎర్రయ్య పడవ నిండా చేపలతో క్షేమంగా వచ్చాడు. గంగమ్మకు కూడా జబ్బుకూ ఇష్టానికీ తేడా తెలుసని నేననుకున్నాను.

ఆ రోజుతో తిట్లు ఆగాయి. పెద్దాసుపత్రి నుంచి పొగాకు మాన్పించే నమిలే బిళ్లలు తెచ్చి కోడలు నాలోనే పోసింది. కొర్లమ్మ మానింది, మళ్లీ పట్టింది, ఏడ్చింది, మళ్లీ మానింది. ఎప్పుడు పూర్తిగా మానిందో ఆమెకే తెలియదు. అంగిలి మీది తెలుపు తగ్గిపోయింది. అయినా సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని నా మూత తీసి వాసన చూసుకుని, ఒడ్డు వైపు చూస్తూ ఉండిపోయేది. అప్పుడు మాకిద్దరికీ ఆ పాత తెల్లవారుజాములే గుర్తొచ్చేవి. మంచిదో చెడ్డదో గానీ, మా వయసంతా ఆ పొగలోనే ఉంది.

నిండా బతికి, నిద్రలోనే పోయింది కొర్లమ్మ. పెద్దకార్యం నాడు అరిటాకు వేసి, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ పెట్టడం వాళ్ల ఆచారం. ఏది మరిచినా కాకి ముట్టదంటారు. రొయ్యల ఇగురు పెట్టారు, తాటి తాండ్ర పెట్టారు. ఎర్రయ్య మంచి పొగాకు ఏరి స్వయంగా చుట్ట చుట్టుకొచ్చి అరిటాకు చివర పెట్టాడు. అమ్మ జన్మంతా కాల్చిందని, ఇది లేకపోతే ఆత్మ శాంతించదని అన్నాడు. చుట్టాలంతా తలూపారు.

నూకరత్నం వంగి ఆ చుట్టను తీసేసింది.

"ఇష్టమైనవెట్టండి, ఎన్నయినా ఎట్టండి. ఇది వద్దు. ఆవిడ దీన్ని ఎంత ఏడిసి ఒగ్గిందో నాను సూసినాను. సచ్చినాక మళ్లీ అంటిస్తారేటి?"

ఎర్రయ్య ముందుకొచ్చి, భార్య చేతిలోంచి చుట్టను తీసుకుని, ముక్కలు ముక్కలుగా నలిపి, ఆ పొడిని గాలికి వదిలేశాడు.