ఎర్ర చుక్క కింద

"నీ ప్రోటీన్ ఇవాళైనా కదిలిందా?" అని అమ్మ రోజూ ఫోన్లో అడుగుతుంది. ఎగతాళికే. కూతురు చీకటిగదిలో కూర్చుని కంటికి ఆనని దాని కదలిక చూస్తోందంటే ఏ తల్లి నమ్ముతుంది?

నేను చూసేది మాత్రం నిజం. వెలుగు తగలగానే మా ప్రోటీన్ ఒళ్లు విరుచుకుంటుంది. రెప్పపాటును లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్కలో అయిపోయే పని. ఒక లేజర్ మెరుపుతో దాన్ని కదిలిస్తాం, వెంటనే ఇంకో మెరుపుతో ఎటు కదిలిందో పట్టుకుంటాం. మొదటి మెరుపు ఎంత గట్టిగా ఉండాలో ఒక చక్రం తిప్పి పెడతాం. ఆ చక్రం మీద ఎర్ర గోళ్లరంగుతో పెట్టిన చుక్క ఉంది. ల్యాబ్‌లో చేరినవాళ్లకి మొదటి పాఠం అదే: చక్రం చుక్క దగ్గర పెట్టు, నోరు మూసుకో.

ఆ చుక్క దగ్గరే మా సారు "గెంతు" కనిపెట్టారు. వెలుగు తగిలితే ప్రోటీన్ ఎగిరి పడుతుందన్నారు. దానితోనే ఆయనకి పేరొచ్చింది, ల్యాబ్ వచ్చింది. చాటుగా మేమంతా ఆయన్ని గెంతు మాస్టారంటాం.

ఒకరోజు నా నమూనా రంగు వెలిసిపోతోందని చక్రాన్ని చుక్క కిందికి తిప్పాను. గెంతు మాయమైంది. నేనే ఏదో చెడగొట్టాననుకుని అద్దాలన్నీ మళ్లీ సరిచూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. వెలుగు ఇంకా తగ్గించి, వారాల తరబడి కొలిచి సగటు తీస్తే చిన్న మెలిక ఒకటి బయటపడింది. గెంతు జాడే లేదు. చుక్క దగ్గర మేం ప్రోటీన్‌ని ఒక్కసారి తట్టడం లేదు. తొలి దెబ్బ నుంచి తేరుకోకముందే రెండోది, మూడోది వేస్తున్నాం. చావబాదితే ఎవరు గెంతరు?

సారు నా కొలతల పటం చూసి కళ్లజోడు తీశారు. "సెమినార్‌లో ఇది చూపించకు. చూపిస్తే నీ థీసిస్ మీద నా సంతకం ఉండదు."

లేజర్ అద్దాలు సర్దే మా సీనియర్‌ని అందరం అద్దాలన్న అంటాం. ఆయన నన్ను పక్కకి లాగాడు. "కూర్చున్న కొమ్మ నరుక్కుంటావా తల్లీ? డిగ్రీ తెచ్చుకో, తర్వాత ఎంతైనా అరుచుకో."

"తర్వాత నాకూ ఒక ల్యాబ్ ఉంటుందన్నా. నేనూ ఒక చుక్క పెట్టుకుంటాను," అన్నాను. ఒళ్లు మండిపోతోంది. ఇన్నేళ్లూ కళ్లు కాయలు కాచేలా చూసింది అబద్ధం చెప్పడానికా?

థీసిస్ సెమినార్‌లో ఆ పటమే ముందు పెట్టాను. వెలుగు పెరిగేకొద్దీ గెంతు పెరిగింది. తగ్గించేకొద్దీ తగ్గి, చివరికి లేదు.

ముందు వరసలోంచి సారు లేచారు. "చుక్క కిందికి వెళ్లమని నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదు సార్. ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు."

బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు తల తిప్పింది. "అసలు ఆ చుక్క అక్కడే ఎందుకుంది?"

సారు ఆవిడ వైపు చూశారు. "నేనే పెట్టాను. అప్పటి పరికరాలు మొద్దువి. అంత వెలుగు పెడితే గానీ ఏమీ కనిపించేది కాదు."

"పరికరాలు మారాయి కదా?" అందావిడ.

ఆయన కాగితాలు సర్దుకుని నా వైపు తిరిగారు. "సంతకం పెట్టను."

"పెట్టకండి సార్. పటం మాత్రం తియ్యను."

తిన్నగా ల్యాబ్‌కి వెళ్లాను. గాజుసీసాలు కడిగే అసిటోన్‌లో దూది ముంచి చక్రం మీద రుద్దాను. ఎంత లేజర్ అయితేనేం, గోళ్లరంగు గోళ్లరంగే. రెండు రుద్దులకి పోయింది. వెనకే వచ్చిన అద్దాలన్న గుమ్మంలో నిలబడి చూశాడు. ఆపలేదు. "ఇప్పుడు ఎక్కడ పెట్టాలి?" అన్నాడు.

"ప్రతిసారీ కొలిచి పెట్టు."

ఫోన్ మోగింది. అమ్మ. డిగ్రీ సంగతి ఎలా చెప్పాలా అనుకుంటుండగానే అలవాటు ప్రశ్న వేసేసింది. "ఏమే, కదిలిందా?"

ఎర్రబారిన దూది ఇంకా నా చేతిలోనే ఉంది.

"కదిలిందమ్మా. కొంచెమే. తన్నకుండానే కదిలింది."