పాటకీ పాటకీ మధ్య

లిఫ్టు మెకానిక్ పొద్దున్నే బూట్లు వేసుకుంటుంటే ఫోను మోగేది. ఏ ఆస్పత్రిలోనో లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఇరుక్కుని ఉండేది. "సరే, వస్తున్నా" అనేవాడు. ఆదివారం కూడా రాగలవా అంటే, "సరే." ఇరవై ఏళ్లుగా ఆ మాట ముందు నోట్లోంచి జారేది, దేనికి ఒప్పుకున్నాడో సాయంత్రానికి తెలిసొచ్చేది. ఆఫీసులో అతన్ని 'సరేగారు' అనే పిలిచేవాళ్లు.

అతని భార్య ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని పళ్ల డాక్టర్లకి కట్టుడు పళ్లు చేసిపెట్టేది. చేతులకి పని, చెవులకి పాట ఉంటే ఆమెకి ఇంకేం అక్కర్లేదు.

"ఫోనులో ఒక పాట తోక పట్టుకుని ఇంకోటి వచ్చేస్తోందండీ, ఊపిరాడటం లేదు" అంది ఒకరోజు. "అటక మీద నా డిస్కులు నలభై దాకా ఉన్నాయి. సీడీ ప్లేయరు కొనుక్కుందామా?"

"సరే."

"అలా కాదు. ఆలోచించి చెప్పండి. తర్వాత దాన్ని చూసి మూతి ముడుచుకునేది మీరే."

ఆలోచించడం మొదలుపెట్టేసరికి అభ్యంతరాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. లోకంలోని పాటలన్నీ జేబులో ఉండగా అంత పెట్టె దేనికి? పాడైతే ఎవడు బాగుచేస్తాడు? అసలెక్కడ పెడతాం?

పక్కన స్వెట్టరు అల్లుకుంటున్న అతని తల్లి తలెత్తింది. "వాడి చేత 'కాదు' అనిపించావే తల్లీ. అది చాలు" అంది కోడలితో.

పాత రేడియోలు బాగుచేసే ముసలాయన కొట్లో ఒక ప్లేయరు ఉందంటే ఇద్దరూ చూడ్డానికి వెళ్లారు. "ధ్వని మామూలేనమ్మా. ఖాళీ మాత్రం పెద్దది" అని ముసలాయన డిస్కు పెట్టాడు.

మొదటి పాట అయిపోయింది. ఖాళీ వచ్చింది. గోడ గడియారం ఆగింది. వీధిలో బస్సెక్కబోతున్న ఒకావిడ కాలు మెట్టుకి బెత్తెడు పైన నిలిచిపోయింది. ముసలాయన టీ కాచాడు, ముగ్గురూ తాగారు. మెకానిక్ పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి, స్టూలు మీదే కునుకు తీశాడు. అతను లేచి ఒళ్లు విరుచుకున్నాక రెండో పాట మొదలైంది. వీధిలో ఆవిడ బస్సెక్కింది.

"రెండు గంటలుందే" అంది భార్య. "మా పుట్టింట్లో ఉన్నదానికి పావుగంటైనా వచ్చేది కాదు."

"కొన్నిటికి అంతేనమ్మా. ఫోన్లొచ్చాక ఖాళీ సంగతి అడిగేవాళ్లే లేరు."

"డిస్కుకి ఎన్ని ఖాళీలుంటాయి?" అన్నాడు మెకానిక్.

"పది పాటలుంటే తొమ్మిది."

ఆరోజు కొనలేదు. మూడు రోజులు అన్నం తింటూ, స్నానం చేస్తూ, లిఫ్టు తాళ్లకి గ్రీజు రాస్తూ ఆలోచించాడు. నాలుగో రోజు తనే వెళ్లి పెట్టెని భుజాన వేసుకొచ్చాడు. భార్య ఎదురొచ్చి, "మళ్లీ సరే అనేశారా?" అంది.

"లేదు. నాకే కొనాలనిపించింది."

మొదటి వారం ఖాళీల్లో ఆమె మూడు పళ్ల సెట్లు పూర్తిచేసింది. అత్తగారి స్వెట్టరుకి రెండో చెయ్యి వచ్చింది. అతను హాయిగా నిద్రపోయాడు.

శనివారం మధ్యాహ్నం, మొదటి పాట చివరికొస్తుండగా మేనేజరు ఫోను చేశాడు. "నిన్ను పై ఊరి ఆఫీసులో సూపర్‌వైజరుగా వేస్తున్నాం. ఏసీ గది, సొంత టేబులు. సోమవారం చేరాలి. ఏమంటావ్?"

నోరు తెరిచాడు. పాట అయిపోయింది.

ఫోను బల్ల మీద పెట్టి సంగతి చెప్పాడు. భార్య చేతిలోని పన్ను కింద పెట్టింది. "మీకేం కావాలి?" అంది.

ఎవరూ అడగని ప్రశ్న. గదిలో అటూ ఇటూ తిరిగాడు. చెమ్చాలన్నీ కడిగాడు. గంట గడిచింది.

"తలుపు తెరవగానే లోపల ఇరుక్కున్నవాళ్ల మొహాలు వెలుగుతాయి చూడు, అవి చూడాలి నాకు" అన్నాడు. "టేబులు దగ్గర అవి కనపడవు."

"ఎప్పుడూ చెప్పలేదే."

"నాకే ఇప్పుడు తెలిసింది. మరి నీకు?"

"మీరు రమ్మంటే వస్తాను. కానీ పళ్ల రంగు ఈ కిటికీ వెలుతురులోనే నాకు సరిగ్గా తెలుస్తుంది."

"నన్నెవరూ అడగరా?" అంది తల్లి.

"చెప్పమ్మా."

"నాకెక్కడైనా ఒకటే. నువ్వు ఇంతసేపు మాట్లాడితే వినడం బాగుంది, అంతే."

ఇంకా టైముంది. భార్య గొంతు బొంగురు చేసి మేనేజరైంది. అతను నాలుగుసార్లు వద్దని చెప్పి చూసుకున్నాడు. మొదటి రెండుసార్లు నవ్వొచ్చి ఆగిపోయాడు.

రెండో పాట మొదలైంది. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"వద్దండీ. నేను లిఫ్టుల దగ్గరే ఉంటాను. కావాలంటే కొత్తవాళ్లకి పని నేర్పిస్తాను."

"అడగ్గానే చెప్పేశావు, కాస్త ఆలోచించుకోవయ్యా."

"ఆలోచించే చెబుతున్నానండీ."

పై ఊరికి ఇంకొకాయన వెళ్లాడు. మెకానిక్‌కి వారానికి రెండు రోజులు కొత్తవాళ్లకి నేర్పే పని వచ్చింది. వాళ్లలో ఒకమ్మాయి మొదటిసారి చేత్తో తలుపు తెరిచి నలుగురిని బయటికి తీసిన రోజు, ఇంటికొచ్చి బూట్లైనా విప్పకుండా ఆ కథ మొదలుపెట్టాడు. భార్య మధ్యమధ్యలో అడుగుతూనే ఉంది. చీకటి పడి తల్లి వచ్చి లైటు వేసేదాకా చెబుతూనే ఉన్నాడు. డిస్కు పెట్టాలన్న సంగతి ఇద్దరికీ గుర్తే రాలేదు.