స్తంభం మొదట్లో

ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలో మొదటి ఫ్యూజు తేలిగ్గానే ఊడివచ్చింది. రెండోది మొండికేసింది. లైన్‌మన్ రబ్బరు తొడుగు వేసుకున్న చేత్తో గట్టిగా లాగాడు. మూడోదీ తీసి, మూడింటినీ పక్కన నిలబడ్డ ముసలాయనకు అందించాడు. ఆయన పసిబిడ్డను అందుకున్నట్టు వాటిని గుండెకు ఆనించుకుని గోడ నీడన చతికిలబడ్డాడు.

"ఇక ఎక్కు. వీధివీధంతా వచ్చి కాళ్లు పట్టుకున్నా ఇవ్వను," అన్నాడు.

ఆయన లైన్‌మన్‌కు బావ, చనిపోయిన అక్క భర్త. హెల్పరుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు జీతం లేకుండా రోజూ బావమరిది వెంట వస్తాడు. తను తెచ్చుకున్న పండులో సగం అతనికే దాచిపెడతాడు. "ఏం, మీ అంగరక్షకుడు ఇంకా రాలేదా?" అని ఆఫీసులో ఎగతాళి చేస్తారు. ఆయన రాకపోతే లైన్‌మన్ స్తంభం ఎక్కలేడని వాళ్లకు తెలియదు.

రెండేళ్ల కిందట లైన్‌మన్‌తో కలిసి పనిచేసే జోడీ ఇలాగే స్తంభం పైన ఉన్నప్పుడు, కరెంటు లేదని విసిగిపోయిన ఎవరో పెట్టె మీద పెట్టిన ఫ్యూజులు తిరిగి బిగించేశారు. లైన్‌మన్ కింద నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. ఆ చప్పుడూ, ఆ వాసనా అతన్ని వదల్లేదు. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే అరచేతులు తడిసిపోతాయి. భార్యకు కూడా చెప్పుకోలేదు. బావకొక్కడికే చెప్పాడు. మర్నాడు పొద్దున్నే బావ సైకిలేసుకుని గుమ్మం ముందు ఉన్నాడు.

పైకెక్కాక లైన్‌మన్ నడుముకు బెల్టు బిగించుకుని, తీగలో ప్రాణం లేదని తెలిసినా కళ్లు మూసుకుని వేలి వెనకవైపుతో తాకాడు. ఏమీ కాలేదు. పగిలిన ఇన్సులేటరు విప్పడం మొదలుపెట్టాడు.

"బావా, ఉన్నావా?"

"లేను. చేపలు పట్టడానికి పోయాను."

కాసేపటికి మళ్లీ కింది నుంచే మాట వచ్చింది. "మబ్బు పట్టింది చూశావా? నీ నెత్తి మాడకుండా దేవుడు పంపించాడు."

బావకు అన్నీ అలాగే కనిపిస్తాయి. ఆదివారం చర్చిలో బావ పక్కన లైన్‌మన్ కూడా మోకరిస్తాడు. కానీ కళ్లు పైకెత్తితే అతనికి దూలాల వెంట వేలాడే పాత వైర్లే కనిపిస్తాయి. దేవుడు పైన ఉన్నాడంటే ధైర్యం రాదు. పైన ఏముందో అతనికి తెలుసు. ఒకసారి ఆ మాటే అంటే బావ నవ్వాడు.

"పైన ఉన్నాడని ఎవరన్నార్రా? మన యేసయ్య దిగొచ్చినాయన. స్తంభం మొదట్లో కూర్చున్నాడు. నీ ప్రాణం ఒళ్లో పెట్టుకున్నాడు. పనయ్యేదాకా లేవడు."

"మరి వాడి ప్రాణమో?"

చనిపోయిన జోడీ గురించే ఆ ప్రశ్న. "అదీ ఆయన ఒళ్లోనే ఉంది. కింద పడిపోలేదు," అన్నాడు బావ. లైన్‌మన్ నమ్మలేదు.

కొత్త ఇన్సులేటరు కూర్చుంది. ఇక దానికి తీగ కట్టాలి.

"బావా, ఉన్నావా?"

జవాబు రాలేదు. మళ్లీ పిలిచాడు. వంగి చూస్తే బావ తల గుండెల మీదికి వాలి ఉంది. అదే సమయానికి మూలమీది ఐసుక్రీం కొట్టతను చెమటలు తుడుచుకుంటూ వచ్చి, తిన్నగా ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలో చెయ్యి పెట్టాడు.

లైన్‌మన్ చెవుల్లో రెండేళ్ల కిందటి చప్పుడు మోగింది. తీగ అతని పిడికిట్లో ఉంది. వదలమంటే వేళ్లు వినడం లేదు.

పెట్టెలో వెతికి ఏమీ దొరక్క కొట్టతను గోడ వైపు తిరిగాడు. "ఏం పెద్దాయనా, సరుకంతా నీళ్లయిపోతోంది. అవి ఇటివ్వు." వంగి ఫ్యూజులు పట్టుకుని లాగాడు. రాలేదు. భుజం తట్టాడు. తర్వాత మెల్లగా లేచి పైకి చూశాడు.

"అన్నా, ఒకసారి దిగు," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు.

లైన్‌మన్ దిగి చూస్తే బావలో ఊపిరి లేదు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. వేళ్లు ఫ్యూజుల చుట్టూ బిగుసుకుని ఉన్నాయి. కొట్టతను అంబులెన్సుకు ఫోను చేశాడు. లైన్‌మన్ బావ మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. తల ఎత్తేసరికి, సగం కట్టిన తీగ వీధి మీదికి జారి వేలాడుతోంది. దాని కింద నుంచే జనం నడుస్తున్నారు.

"అవి నేను పట్టుకుంటాను, నువ్వు ఎక్కు," అన్నాడు కొట్టతను.

"వద్దు. ఆయన దగ్గరే ఉండనీ."

కొట్టతను బావ పక్కన నేలమీదే కూర్చున్నాడు.

లైన్‌మన్ ఎక్కాడు. అరచేతులు తడిశాయి. పైకి చేరాక అలవాటుగా నోరు తెరిచి, మూసుకున్నాడు. కింద బావ కూర్చునే ఉన్నాడు. ఆ చేతులు అతని ప్రాణాన్ని పట్టుకునే ఉన్నాయి. చావు వాటిని విప్పలేకపోయింది. మేకులు దిగినా వదలని యేసయ్య చేతుల గురించి ఎన్ని ఆదివారాలు విన్నాడో, ఆ మాట ఎన్నడూ మనసులోకి దిగలేదు. భయం ఇప్పుడూ పోలేదు. కానీ లోతు నీళ్లలో కాలికి నేల తగిలినట్టు, ఆ భయం అడుగున ఏదో తగిలింది. బావ కూడా ఎవరి ఒళ్లోనో ఉన్నాడు. కింద పడిపోలేదు.

తీగ కట్టడం ముగించి దిగాడు. ఒక్కో వేలూ నెమ్మదిగా విప్పి, ఫ్యూజులు తీసుకుని పెట్టెలో బిగించాడు. కొట్లలో దీపాలు వెలిగాయి. అంబులెన్సు వచ్చి బావను తీసుకువెళ్లింది. లైన్‌మన్ కూడా అందులోనే వెళ్లాడు.

బావ కూర్చున్న చోట, గోడ పక్కన కాగితం ముక్క మీద సగం కమలాపండు ఉంది. గింజలు తీసి, తొనలు విడదీసి, దుమ్ము పడకుండా దాని మీద తొక్క బోర్లించి ఉంది.