నాలుగు ఖండాల లక్ష్ములు

బూజుకర్ర పట్టుకుని హాల్లోకొచ్చిన సూర్యకుమారికి గోడమీద బొమ్మల్లేవు, మేకులే కనిపించేయి. "ఫ్రేములకి చెదలు పట్టేయి. బాగుచేయించడానికి అమలాపురంలో ఇచ్చేను," అన్నాడు భర్త సుబ్రహ్మణ్యేశ్వరరావు, పేపర్లోంచి తలెత్తకుండా. నమ్మింది. ఎందుకు నమ్మదూ? కాఫీ చేదుగా ఉందని ఆయనంటే, తాగి చూడకుండానే తప్పు తనదేననుకునే మనిషాయె.

అవి పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. యానాంలో ఎవరో ఫ్రెంచి దొర బంగళా సామాను వేలమేస్తుంటే వాళ్ళ నాన్న కొన్నాడు. గాజుపలక వెనకవైపు రంగులద్దిన నలుగురాడవాళ్ళు, ఖండానికొకరు. కిరీటం పెట్టుకున్నావిడ యూరప్, ధూపం పట్టుకున్నావిడ ఆసియా, ఈకలూ విల్లూ ఉన్నావిడ అమెరికా, నెత్తిన ఏనుగు తల తొడుక్కున్న నల్లటావిడ ఆఫ్రికా. కూతురికి వాటితోనే ప్రపంచం నేర్పేడాయన. టెన్త్ అవగానే పెళ్ళి చేసేసి, ఆ ప్రపంచాన్ని మాత్రం మంచం, బీరువాలతోపాటు లారీ ఎక్కించేడు.

కాపరానికొచ్చిన రోజే అత్తగారు వీరాయమ్మ మూతి తిప్పింది. "నట్టింట్లో ఈ దొరసానులేంటే? కొట్టంలో పడెయ్!"

"దొరసానులు కాదండత్తయ్యగారూ, లక్ష్ములండి. ఏనుగున్నావిడ గజలక్ష్మండి," అనేసింది కొత్తకోడలు.

అత్తగారు గబగబా చెంపలేసుకుంది. ఆ అబద్ధానికి సూర్యకుమారి ఏళ్ళతరబడి వెట్టి చేసింది. శుక్రవారమొస్తే చాలు, జ్వరమున్నా సరే తలంటుకుని, అద్దాలకి బొట్లు పెట్టి, ఆఫ్రికాకి హారతివ్వాలి. అత్తగారు పోయేక కూడా మానలేదు, మొగుడికా భక్తి అలవాటైపోయింది. పోన్లే, గోడమీదుంటే అదే చాలనుకుంది పిచ్చిది.

మేకులు కనిపించిన మర్నాడే రావులపాలెంలో మొగుడి స్నేహితుడు బాబ్జీ గృహప్రవేశం. కువైట్ నుంచొచ్చి మేడ కట్టేడు. గుమ్మం దాటగానే ఎదురుగా గోడమీద నలుగురూ, మల్లెదండలేసుకుని!

బాబ్జీ భార్య పుష్పలత పరుగున వచ్చి చేతులు పట్టేసుకుంది. "మీ మనసు బంగారమండి అక్కయ్యగారూ! కొత్తింటికి లక్ష్ములుండాలని మీరే పట్టుబట్టి ఇప్పించేరంటగా. అన్నయ్యగారు చెప్పేరండి."

సూర్యకుమారి చేతులు విడిపించుకుంది. ఎత్తుకెళ్ళి ఇచ్చెయ్యడం ఒకెత్తు. ఇమ్మన్నది తనేనని ఊరందరికీ చెప్పడం ఇంకొకెత్తు. ఇన్నాళ్ళూ తనకి తెలీకుండా తన పేరుమీద ఇలా ఎన్నెన్నింటికి ఒప్పేసుకున్నాడో ఈ పెద్దమనిషి!

"ఇప్పుడేం మాటాడకు. నలుగుర్లో నా పరువు తియ్యకు," అన్నాడు మొగుడు, చెవి దగ్గర.

"నేనిమ్మనలేదమ్మా పుష్పలతా. అవి మా నాన్నగారివి. తీసుకెళ్ళిపోతాను."

పుష్పలత మొహం వెలవెలబోయింది. "అయ్యో, ఇంటికొచ్చిన లక్ష్ముల్ని బయటికి పంపితే అరిష్టం కదండీ!"

"లక్ష్ములైతే అడిగేదాన్నే కాదు. ఈవిడ ఆఫ్రికా, ఆవిడ యూరప్. జాగ్రఫీలో చదువుకున్న ఖండాలమ్మా ఇవి. దొరలు అలంకారానికి పెట్టుకున్న బొమ్మలు."

వడ్డన పంక్తిలోకి వెళ్ళబోతున్నవాళ్ళు కూడా ఆగిపోయేరు.

"మతి పోయిందా నీకు?" అరిచేడు సుబ్రహ్మణ్యేశ్వరరావు. "ఇన్నేళ్ళూ వాటికి దణ్ణాలు పెట్టేవు కదే!"

సూర్యకుమారి కుర్చీ లాక్కుని ఎక్కి, ముందు ఆఫ్రికాని దింపి చంకలో పెట్టుకుంది. అప్పుడు చూసింది మొగుడి మొహంకేసి.

"పెట్టకపోతే మీ ఇంట్లో ఉండనివ్వరని పెట్టేనండి. మీకు పెట్టిన దణ్ణాలు కూడా అందుకేనండి."