కల్నల్ గారి పొగమంచు

ఎర్ల్ బిరుదున్న దొరగారికి ఇద్దరు కొడుకులు. ఆస్తి పెద్దాడికి, అస్తిమితం చిన్నాడికి. ఆ చిన్నాడే మా రెజిమెంటు మేజర్ ఆబ్రీ ఫెన్‌షా. బిరుదు అన్నయ్యది, కోట అన్నయ్యది, చివరికి వేటకుక్కలూ అన్నయ్యవే. వీడిదంటూ ఉన్నది తను రాసిన యుద్ధకథల పుస్తకం ఒక్కటే. కత్తికి ఒర ఉంది గానీ వాడి కలానికి లేదు. అదీ చిక్కు.

అధికారి పుస్తకం అచ్చుకి వెళ్ళాలంటే కల్నల్ సరేననాలి. మా కల్నల్ సర్ ఎడ్మండ్ థ్రేల్ ఆ రాతప్రతి తీసుకుని పక్షం దాటింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అందులో మూడో అధ్యాయం ఆయనదే మరి! ఫ్రాన్సులో ఒక తెల్లవారుజామున శత్రువు మీద దాడికని బయల్దేరి, ఎడమకి తిరగాల్సింది కుడికి తిరిగి, మన వంటవాళ్ళ గుడారాన్నే ముట్టడించిన వైనం. జావ గుండిగతో సహా పట్టుకున్నారట.

"తీసేయరా ఆ అధ్యాయం," అన్నాను మెస్ మెట్ల మీద. బళ్ళో ఒకే బెంచీ వాళ్ళం, ఆ చనువు.

"అది తీస్తే మిగిలేవి అట్టలే రా లావోడా."

"ఉంచితే ఆయన నిన్ను అట్టు వేస్తాడు."

భోజనాల బల్ల దగ్గర పుస్తకాల ఊసెత్తకూడదు, రాజుగారి పేర గ్లాసెత్తేదాకా. గ్లాసెత్తాలంటే పోర్టు వైను సీసా బల్లంతా చుట్టి రావాలి. కల్నల్ దగ్గర మొదలై, ఎప్పుడూ ఎడమకే. వెనక్కి తిరిగిందా, జెండా దించినంత పని.

కల్నల్‌కి ఎడంపక్క ఆబ్రీ, ఆబ్రీకి ఎడంపక్క నేను. వాడు మటన్ ముట్టలేదు. రుమాలు మడుస్తాడు, విప్పుతాడు, మళ్ళీ మడుస్తాడు. మోకాలి ఊపుకి చెంచాలు గలగలమంటున్నాయి.

"ఆయన నావైపు చూశాడా?" అని గొణిగాడు.

"నువ్వు వణికిస్తున్న ఉప్పుగిన్నె వైపు చూశాడు."

సీసా వచ్చింది. ఆబ్రీ పోసుకున్నాడు, చూపంతా కల్నల్ మీసం మీదే. చెయ్యి చాచిన నన్ను వదిలేసి, సీసా మళ్ళీ కల్నల్ ముందే పెట్టాడు. కుడికి!

కల్నల్ సీసా వంక చూసి మీసం దువ్వుకున్నాడు.

"ఏమోయ్ ఆబ్రీ, ఎడమంటే ఎటో తెలీదూ?"

"తెలుసు సార్. కంగారులో..."

"ఇన్ని దీపాల వెలుతురులో, కుర్చీలో కూచుని, నీకే ఎడమ కుడైపోయింది. ఆవేళ నా చెయ్యి నాకు కనబడనంత పొగమంచు. నీ మూడో అధ్యాయంలో అది లేదేం?"

రాజుగారి పేర గ్లాసెత్తకముందే పుస్తకాల ఊసు ఆయనే ఎత్తాడు. ఆ మాట అనే దమ్మెవరికి?

ఆబ్రీ మెడదాకా ఎర్రబడ్డాడు. "రాస్తే నవ్వు తగ్గుతుందని తీసేశాను సార్."

"నన్ను పొగడక్కర్లేదయ్యా. పొగమంచు పెట్టు, అచ్చుకి పంపుకో."

"ఎంత పెట్టమంటారు సార్?"

"వంటవాళ్ళు కనబడాలి. నేను కనబడకూడదు."

బల్ల గొల్లుమంది. కల్నల్ సీసా తీసి మళ్ళీ ఆబ్రీ చేతికిచ్చాడు. ఒక్క క్షణం వాడి మోకాలు ఆగింది. మరుక్షణం మళ్ళీ మొదలు.

"ఒరేయ్ లావోడా, పొగమంచుని అధ్యాయం మొదట్లో పెట్టనా, మధ్యలోనా?"

"ముందు ఆ సీసా నా దగ్గర పెట్టరా!"