పదిహేను అడుగులు

"సుధా, బండి కడిగినావా?"

ఆదివారం పొద్దున లేస్తూనే మా ఆయన శేషసాయి అడిగే మొదటి మాట ఇది. గోవిందా అనుకోవడం కూడా దాని తర్వాతే. బండి అంటే మా ముదురు నీలం కారు. వారానికి ఆరు రోజులు అది తిరుపతిలో మా ఇంటి పోర్టికోలో గుడ్డ కప్పుకుని నిద్రపోతుంది. ఆయన ఆఫీసుకు స్కూటరు మీద పోతాడు. నేను బడికి రెండు ఆటోలు మారి పోతాను. ఏడో రోజు దాన్ని నేను కడుగుతాను. నేనే ఎందుకంటే, నీళ్ళలో నిలబడితే ఆయనకు జలుబు చేస్తుంది. పైగా నా చెయ్యి మంచిదట. "మా సుధ కడిగితే అప్పుడే షోరూము నుంచి దించినట్టు ఉంటాది" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. పెళ్ళైన కొత్తలో ఇలాంటి మెచ్చుకోళ్ళకు పొంగిపోయేదాన్ని. ఈ పదిహేడేళ్ళలో ఆయన మెచ్చుకున్న పనల్లా నా నెత్తినే పడిందని ఇప్పుడు లెక్క తెలిసింది. లెక్కల టీచర్ని, ఆలస్యంగా అయినా తెలిసింది.

ఆ ఆదివారం మామూలు దుమ్ము కాదు. ముందురోజు పెరటాసి నెల శనివారం, వెంకన్నకు నైవేద్యం పెట్టే తళిగ అయిపోగానే, ఆయన స్నేహితులతో పలమనేరు పక్క ఏదో స్థలం చూడ్డానికి పోయాడు. వచ్చేటప్పటికి పొద్దుగూకింది. దారిలో ఎక్కడో కొత్తగా రోడ్డు వేస్తున్నారట. చక్రాల పైనంతా తారు చుక్కలు, ముందు బంపరు మీద, అద్దం మీద ఉసిళ్ళు, రెక్కల పురుగులు అతుక్కుని ఎండిపోయి ఉన్నాయి. పదిన్నరకల్లా బండి మెరవాలన్నాడు. వాళ్ళ ఆఫీసరుగారబ్బాయి ఒడుగు. ఆఫీసు మగవాళ్ళు నలుగురు మా బండిలో పోవాలని అనుకున్నారు.

నాకు ఆ రోజు ఇంకో గడువు కూడా ఉంది. మా బడి కరెస్పాండెంటు గంగాధరం సార్ పుత్తూరులో కొత్త బ్రాంచి తెరిచాడు. దానికి నన్ను హెడ్మిస్ట్రెస్‌గా రమ్మన్నాడు, ఆదివారం సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పమన్నాడు. సార్ అడిగిన క్షణం నుంచి నాకు కుదురు లేదు. అన్నం వడ్డిస్తూ గరిటె పట్టుకుని నిలబడిపోతున్నాను. బస్సులో అయితే పోను రాను నాలుగు గంటలు. ఇంట్లో అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, మా అమ్మాయి మహితకు పదో తరగతి. కుదరదు. అదే కారులో అయితే ముక్కాలు గంట. ఆ మాట అన్నందుకు మా ఆయన పకపకా నవ్వాడు. "హైవే మీద నువ్వా? నీకు రివర్సే సరిగ్గా రాదు గదా."

నాకు లైసెన్సు వచ్చి రెండేళ్ళు. ఆ రెండేళ్ళుగా నేను చేస్తున్నది రివర్సు ఒక్కటే. పోర్టికో నుంచి గేటు దాటి, వీధిలో కానుగ చెట్టు నీడలోకి వెనక్కి పదిహేను అడుగులు. కడిగాక మళ్ళీ ముందుకు పదిహేను అడుగులు. అడుగులు నేనే కొలిచాను. అంతవరకే నాకు తాళం చెవి చేతికి వస్తుంది. పోర్టికోలో ఇంజను ఆపగానే ఆయన చెయ్యి చాచుతాడు.

కడగడం మాత్రం నాకు బాగా వచ్చు, ఆ గర్వం నాకుంది. మొదట్లో నేనూ గిన్నెలు తోమినట్టు పీచుతో రుద్దబోయాను. షెడ్డులో బళ్ళకు రంగులేసే వరదయ్య చూసి, "రుద్దొద్దమ్మా, నానబెట్టు. రుద్దినావంటే పురుగు పోదు, పైన రంగు పోతాది" అన్నాడు. అప్పటి నుంచి మా ఆయన పాత పంచెలు చింపి పెట్టుకుంటున్నాను. తడిపి పురుగుల మీద పరిచి పది నిమిషాలు వదిలేస్తే, అవి మెత్తబడి వేలు తగిలితే చాలు జారిపోతాయి. తారు నీళ్ళకు లొంగదు. కొబ్బరినూనె రాసి ఓపిక పట్టాలి. చుక్క కరిగి కారడం మొదలయ్యాక మెత్తని గుడ్డతో అద్ది తీయాలి. తర్వాత షాంపూ నీళ్ళు, పై నుంచి కిందికి. మురికి గుడ్డ పిండే బకెట్టు వేరు, మంచి నీళ్ళ బకెట్టు వేరు.

ఆ పొద్దున కూడా అలాగే మొదలుపెట్టాను. తడి పంచె ముక్కలన్నీ పరిచి, ఒక పక్క తారుకు నూనె రాసి నిలబడ్డాను. మా ఆయన వచ్చి వాచీ చూసుకున్నాడు. "గుడ్డలు కప్పి బొమ్మ మాదిరి నిలబడితే మరకలు పోతాయా?" అన్నాడు. నానాలన్నాను. ప్రతిదానికీ నీకొక సూత్రమా అని విసుక్కున్నాడు. ఇంతలో అత్తమ్మ వకుళాదేవి లోపలి నుంచి పొంగలి పోపు సంగతి, ఆయన పట్టు పంచె ఇస్త్రీ సంగతి గుర్తుచేసింది. పది నిమిషాలు ముట్టుకోవద్దని ఆయనకు చెప్పి లోపలికి పోయాను.

తిరిగి వచ్చేసరికి ఆయన బానెట్టు ముందు వంగి ఉన్నాడు. పక్కన నా చింతపండు గిన్నె. పెరటాసి శనివారం తళిగ వేయాలంటే శుక్రవారమంతా ఇంట్లో ఇత్తడీ రాగీ తోమాలి. దీపపు కుందులు, గంగాళాలు, పళ్ళేలు అన్నీ చింతపండు, ఇటుకపొడి వేసి మెరిపించాలి. ఆ మిగిలిన చింతపండు, ఇటుకపొడి పెరట్లో నుంచి తెచ్చి, పీచుతో బానెట్టంతా గుండ్రంగా రుద్దుతున్నాడు.

"మనింట్లో గంగాళాలే ఇట్ల మెరిపిస్తాము. ఇదెంత?" అన్నాడు నన్ను చూసి, చెమట తుడుచుకుంటూ.

మెరిపిస్తాము అట. పదిహేడు పెరటాసి నెలల్లో ఆ గంగాళాన్ని ఆయన ఒక్కసారైనా తాకి ఉంటే ఆ పొడి గరుకుదనం చేతికి తెలిసి ఉండేది. నేను పరుగెత్తి చెంబుతో నీళ్ళు పోశాను. ఎర్రనీళ్ళు కారిపోయాక కింద నీలం రంగు కనబడింది, దాని మీద గీతలు, సున్నాలు సున్నాలుగా, బానెట్టు నిండా.

సరిగ్గా అప్పుడే ఆయనతో పనిచేసే రూపేష్ తన కారులో వచ్చి ఆగాడు. దిగుతూనే బానెట్టు చూసి, "ఏంది సార్, ఇట్లయిపోయింది?" అన్నాడు.

మా ఆయన రెప్ప కూడా వేయలేదు. "మా యావిడబ్బా. చింతపండు పెట్టి తోమేసింది. మళ్ళీ ఈమెకు దీన్ని హైవే మీదికి ఇయ్యాలంట."

రూపేష్ నవ్వాడు. మర్యాదకే నవ్వాడు, పాపం, అయినా నవ్వాడు. మా ఆయన గోళ్ళలో చింతపండు ఇంకా ఆరలేదు. ఆ చేతులు మెల్లగా వెనక్కి పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మామూలుగా అయితే నలుగురిలో ఎందుకులే అని మింగేస్తాను. ఆ రోజు మింగుడు పడలేదు. గడప దగ్గర నిలబడి ఉన్న అత్తమ్మ వైపు చూశాను. కొడుకు చింతపండు తీసుకుపోవడం దగ్గర నుంచి అంతా ఆమె చూసింది.

"ఎవురు రుద్దితే ఏమిలే తల్లీ," అంది అత్తమ్మ. "కడిగేది ఎట్లా నువ్వే గదా. ఆ గీతలు పొయ్యేట్టు చూడు."

ఆమె మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. నలభై ఏళ్ళు ఆమె తోమిన పాత్రలను చూసి అందరూ సౌందరరాజన్ గారింటి పాత్రలని మా మామగారి పేరు చెప్పి మెచ్చుకునేవారట. ఎన్నోసార్లు మురిపెంగా చెప్పింది. మెరుపు వాళ్ళ పేరున, గీతలు మన పేరున. నేను ఎదురు తిరగకపోతే మహిత కూడా ఇదే నేర్చుకుంటుందని నాకు భయం వేసింది.

గీతల బండిలో ఆఫీసరు ఇంటికి పోలేక మా ఆయన రూపేష్ కారు ఎక్కాడు. "నేనొచ్చేలోగా దాన్ని లోపల పెట్టి గుడ్డ కప్పేయి. ఎవురూ చూడకూడదు" అని చెప్పి పోయాడు.

నేను మిగిలిన తారు తీశాను, నెమ్మదిగా, ఒక్కో చుక్కా. మొదలుపెట్టిన పని సగంలో వదిలే అలవాటు నాకు లేదు. అన్నం వండాను, అత్తమ్మకు, మహితకు పెట్టాను. ఒక చోట కూర్చోలేకపోయాను. బీరువా తెరిచి ఎందుకు తెరిచానో మరిచి మూశాను. మూడు సార్లు వీధిలోకి పోయి బండిని చూసి వచ్చాను. గంగాధరం సార్ నెంబరు తీసి, రాలేనని చెప్పడానికి రెండు సార్లు వేలు పెట్టి మళ్ళీ తీసేశాను. మూడు గంటలకు బండి లోపల పెడదామని డ్రైవరు సీట్లో కూర్చున్నాను. ముందుకు పదిహేను అడుగులు, ఇంజను ఆపి, గుడ్డ కప్పి, చాచిన చేతిలో తాళం చెవి. అంతే మిగిలింది. తాళం తిప్పాను, పాదం కదల్లేదు. మళ్ళీ దిగి లోపలికి పోయి హ్యాండ్‌బ్యాగు, లైసెన్సు తెచ్చుకున్నాను.

"అత్తమ్మా, పుత్తూరు దాకా పోయొస్తాను."

"ఎవురితో?"

"బండితో."

ఆమె మోకాళ్ళు పట్టుకుంటూ గేటు దాకా వచ్చింది. వద్దనలేదు, జాగ్రత్తా అనలేదు. "గేటు నేను వేసుకుంటాలే, పో" అంది.

రేణిగుంట దాకా మూడో గేరు దాటలేదు. ఒక చోట ఇంజను ఆగిపోతే వెనక లారీవాడు హారను మోగించి నన్ను చంపినంత పని చేశాడు. వడమాలపేట టోల్‌గేటు దగ్గర అద్దం మీది ఫాస్టాగ్‌కు కమ్మీ దానంతటదే పైకి లేచింది. అప్పుడు గుర్తొచ్చింది, ఈ గేటు దాటిన మెసేజి ఆయన ఫోనుకే పోతుందని. నిమిషంలో నా ఫోను మోగింది. మోగుతూనే ఉంది. బండి నడుపుతూ ఫోను ఎత్తితే ప్రాణం పోతుందని మహితకు ఆయనే చెబుతుంటాడు. ఎత్తలేదు.

పుత్తూరు బడిలో ఇంకా సున్నం వాసన పోలేదు. వాచ్‌మన్ గది తెరిచి చూపించాడు. బల్లలు లేవు, కిటికీకి ఒక రెక్క లేదు. నాకు అన్నీ కనబడ్డాయి, ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో కూడా. అక్కడే నిలబడి గంగాధరం సార్‌కు ఫోను చేసి, రేపటి నుంచి వస్తానని చెప్పాను. అప్పటికి మా ఆయన ఫోన్లు పదకొండు.

తిరుగు దారిలో పొద్దు వాలింది. వాన కురిసి వెలిసిన గాలి. వడమాలపేట దాటాక ఉసిళ్ళు లేచాయి. మొదటిది అద్దానికి టప్పున తగిలినప్పుడు ఉలిక్కిపడ్డాను. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. ఇన్నేళ్ళూ నేను తుడిచినవన్నీ ఆయన తిరిగిన దారుల పురుగులే. పదిహేను అడుగులు నడిపే బండికి ఏ పురుగూ అతుక్కోదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇంటి ముందు మా ఆయన, పక్కన రూపేష్ నిలబడి ఉన్నారు. నేను పోర్టికోలో బండి ఆపి దిగాను. అలవాటుగా ఆయన చెయ్యి చాచాడు. ఎవర్నడిగి పోయినావని రూపేష్ ముందు అడగలేక, అద్దం వైపు చూసి గొంతు తగ్గించి అన్నాడు.

"నిండా పురుగులు. ఎండకముందే కడుగు పో."

తాళం చెవి నా బ్యాగులో వేసుకుని జిప్పు లాగాను.

"ఇవి నేను నడిపితే తగిలినవి, రేపు పుత్తూరుకు పోయే ముందు నేనే కడుక్కుంటా," అన్నాను రూపేష్‌కు కూడా వినబడేట్టు. "ఆ బానెట్టు మీద మీరు చింతపండు పెట్టి రుద్దిన గీతలు మాత్రం మీరు చూసుకోండి."