రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు

మా బావ జకరయ్య గారు అంత మంచివాడు కాకపోయి ఉంటే మా దేవమ్మక్క ఇంకాస్త సుఖపడేదని నా అభిప్రాయం. ఈ మాట అక్క ముందు అంటే నన్ను గుమ్మం ఎక్కనివ్వదు.

బావ హంసలదీవి మిషన్ బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి, యాభై ఎనిమిదో ఏట రిటైరయ్యాడు. ఆ ఏడే బందరులో కూటాలకు వెళ్ళాడు. దేవుడిచ్చిన కాలాన్ని వృథా చేయక పరుల సేవలో గడపమని అక్కడి ప్రసంగీకుడు చెప్పాడు. విన్నవాళ్ళంతా ఆమెన్ అని భోజనాలకు లేచారు. బావ మాత్రం ఇంటికొచ్చి లెక్క వేశాడు. అక్క పూటపూటా వండే ముందు చర్చి సంఘం కోసం పిడికెడు బియ్యం తీసి విడిగా కుండలో పోస్తుంది. మరి కాలంలోంచి మనం తీస్తున్నదేమిటి? రోజులో పదోవంతు దేవుడిది అనుకుంటే రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. స్వదేశం వెళ్ళిపోతూ మిషన్ దొరసాని గారు ఇచ్చిన అలారం గడియారం ఇంట్లో ఉండనే ఉంది.

మర్నాటి నుంచి సరిగ్గా మూడింటికి గడియారం చంకన పెట్టుకుని సేవకు బయలుదేరేవాడు. ఐదూ ఇరవై నాలుగుకు గంట మోగగానే ఉన్నపళంగా ఆపేసేవాడు. ఇంకాస్త చేస్తే తప్పేమిటని అడిగాను. మిగతాది దేవుడు మనకు వదిలిన భాగం, దాన్ని కాదనడం మర్యాద కాదన్నాడు.

దాంతో ఊరికి కష్టాలు మొదలయ్యాయి. నూకరాజు వాళ్ళతో కలిసి వల లాగుతుండగా గంట మోగింది. బావ తాడు వదిలేసి, అందరికీ దణ్ణం పెట్టి ఒడ్డెక్కాడు. ఆయన వదిలిన వైపు నుంచి చేపలు కూడా వెళ్ళిపోయాయి. ముసలి సూరయ్యను వీపున ఎక్కించుకుని కాలవ దాటిస్తూ, నడిమధ్యలో మోగితే, మోకాలి లోతు బురదలో దింపేసి రేపు మూడింటికి వస్తానని చెప్పాడు. ఎవరికీ ఏ పనీ లేని రోజున వెంకట్రామయ్య గారి గేదెను మూడుసార్లు కడిగాడు. చివరికి టిక్కుటిక్కు వినబడితే చాలు, జనం తలుపులు వేసుకునేవారు. బావకు చెవి మందం. అది వినబడనిది ఆయన ఒక్కడికే.

ఇంతలో అక్కకు మోకాళ్ళు వాచాయి. చెరువు నుంచి మంచినీళ్ళు తెచ్చుకోలేదు, కూర్చుంటే లేవలేదు. కాసేపు పక్కన కూర్చుని ఆముదం రాయమని బావను అడిగింది. ఆయన నిజంగానే బాధపడ్డాడు. చెప్పింది పరుల సేవ, భార్య పరాయిది కాదు, కనక చెల్లదన్నాడు. మిగతా పొద్దంతా రేపు ఎవరికి సేవ చేయాలా అని ఆలోచించడానికే సరిపోయేది ఆ మహానుభావుడికి.

అక్క ఏడవలేదు, పోట్లాడలేదు. మంగళవారం పొద్దున్నే చాప, చెంబు, ఆముదం సీసా పట్టుకుని పక్కింటి రాఘవమ్మ అరుగు మీదకు మకాం మార్చింది. రాఘవమ్మ ఎండుచేపలు అమ్ముకునే మనిషి, అక్కకు ప్రాణస్నేహితురాలు. కబురందగానే నేను గుడివాడలో సైకిలు షాపు మూసేసి వచ్చాను. బావను దులిపేద్దామనే వచ్చాను.

మూడింటికి బావ గడియారంతో బయలుదేరి, అరుగు మీద అక్కను చూసి ఆగిపోయాడు. చాలాసేపు ఆలోచించాడు.

"నువ్విప్పుడు రాఘవమ్మ గారింటికొచ్చిన చుట్టానివైతే చెయ్యొచ్చు," అన్నాడు.

"చుట్టాన్నేనండి," అంది అక్క.

రెండు బిందెలు నీళ్ళు తెచ్చి పోశాడు. గడియారం పక్కన పెట్టుకుని అక్క మోకాళ్ళకు ఆముదం రాయడం మొదలుపెట్టాడు. నాలుగుంబావుకు గడియారం ఆగిపోయింది. నేను చూసి నోరు తెరవబోతే అక్క నా చెయ్యి గట్టిగా గిల్లింది.

బావ మోకాళ్ళు అయ్యాక పాదాలు అందుకున్నాడు. మధ్యలో గడియారం చూసి ఇంకా నాలుగుంబావే అనుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ గుడ్లవల్లేరు వెళ్తూ వానకు చిక్కుకుని ఎవరిదో గడ్డివాములో దూరిన సంగతి ఎత్తాడు. అక్క పగలబడి నవ్వింది. తను అలా నవ్వగా విని ఎన్నేళ్ళయిందో. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు, కళ్ళు తుడుచుకున్నాను. గేదెలు ఇళ్ళకు వచ్చేశాయి. రాఘవమ్మ దీపం వెలిగించి తెచ్చింది. మబ్బేసినట్టుందని బావ గడియారం చూశాడు. ఇంకా నాలుగుంబావే.

రాఘవమ్మ అన్నాలకు పిలిచినప్పుడు గానీ ఆయనకు అనుమానం రాలేదు.

"దీనికేమైంది?" అన్నాడు.

"రోజూ పొద్దున్నే కీ ఇచ్చేది నేనే కదండీ. ఇవాళ ఇవ్వలేదు."

బావ ముఖం పాలిపోయింది. "అయితే ఎంతసేపు చేసినట్టు? ఎక్కువైపోయిందా?"

"పెళ్ళయిన్నాటి నుంచీ పూటపూటా పిడికెడు బియ్యం తీస్తున్నాను," అంది అక్క. "ఏనాడైనా తూచానా?"

బావ చేతులు పంచెకు తుడుచుకుని, లేవబోతున్న అక్కకు భుజం ఇచ్చి ఇంటికి నడిపించుకుపోయాడు. గడియారం అరుగు మీదే ఉండిపోయింది. కాకులు లాగకుండా రాఘవమ్మ దాన్ని చేపల గంప మూత మీద బరువుగా పెట్టుకుంది.